సస్క్విహానా నదిలో శరత్కాలపు చేపలవేట

గోదావరీతీరమున పుట్టి పెరిగిన మాకు, నది యనగా నెట్లుండవలెనో ఒక తలంపు చిన్ననాటినుండి మనస్సున స్థిరపడి యున్నది. అది వెడల్పుగా నుండవలెను, నడుమ లంకలుండవలెను, మీద పొడవైన రైలువంతెన యుండవలెను, ఎగువను కొండల సందు కానరావలెను. అమెరికా దేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమునకు రాజధానియైన హారిస్‌బర్గు నగరము ప్రక్కగా ప్రవహించు సస్క్విహానా నదియందు ఈ లక్షణములన్నియు మాకు కానవచ్చినవి. మా అమ్మాయియు అల్లుడును ఆ నగరసమీపమున కాపురముండుటచే, గడచిన శరదృతువున మేము దంపతులము అచ్చట మూడు మాసములు గడపితిమి. అప్పుడు చూచినదియు, విన్నదియు మన సోదరీమణులకు కొంత తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ నది న్యూయార్కు రాష్ట్రములో కూపర్స్‌టౌన్ అను ఊరివద్ద ఆట్సీగో సరస్సునుండి వెలువడి, 444 మైళ్లు ప్రవహించి, చెసపీక్ అఖాతమున కలియుచున్నది. మన గోదావరి పొడవు సుమారు 910 మైళ్లు గనుక పొడవున ఇది దానిలో సగము మాత్రమే. వెడల్పున మాత్రము తీసిపోదు. హారిస్‌బర్గు వద్ద ఈ యొడ్డునకు ఆ యొడ్డునకు ఇంచుమించుగా ఒక మైలు దూరము. లోతు మిక్కిలి తక్కువ. వానలు లేని శరత్కాలమున పెక్కుచోట్ల మోకాలిబంటి నీరే యుండును. నది కడ్డముగా రాతిబండలు వరుసలు తీరి యుండును. వానిమీదుగా నీరు గలగలమని జారి, దిగువ మడుగులలో నిలిచి, మరల జారుచుండును.

నగరమునకు కొంచెము ఎగువను రాక్‌విల్ వంతెన యున్నది. దీనిని 1902లో కట్టిరి. పొడవు 3,820 అడుగులు, కమానులు 48. రాతికమానులతో కట్టిన రైలువంతెనలలో ప్రపంచమున ఇంతకంటె పొడవైనది లేదందురు. మన రాజమహేంద్రవరమున 56 కానాల హేవలాకు వంతెన 1900లో తెరువబడినది గదా! రెండును ఇంచుమించుగా ఒక యీడువి. అయితే హేవలాకు వంతెనమీద 1997లో రైళ్లు నిలిచిపోయినవి. రాక్‌విల్ వంతెనమీద నేటికిని సామాను రైళ్లు గంటలకొలది పోవుచునే యున్నవి. ఆ వంతెనకు ఎగువను నీలపర్వతము రెండుగా చీలి నదికి దారి యిచ్చినట్లుండును. ఆ సందులో, పాత వంతెన స్తంభమొకటి నది నడుమ మిగిలియుండగా, దానిపై స్వాతంత్ర్యదేవత ప్రతిమకు ఒక చిన్న నకలు నిలిపినారు. మొదట 1986లో ఎవరికిని చెప్పకుండ నిలిపిరట! చూడవచ్చువారికి అదియొక వేడుక.

అక్టోబరు మాసమున ఆ కొండలు కట్టుకొను చీరలను వర్ణించుట మా తరము గాదు. మేపిలు చెట్లు కుంకుమవలె ఎఱ్ఱనై, హికరీ చెట్లు పసుపు పూసికొనినట్లగును. ఏటియొడ్డున సికమోరు చెట్ల తెల్లని మానులు నీటిలో నీడలు వైచును. మనకు శరత్తు అనగా వెన్నెల, రెల్లుపూవు. వారికి శరత్తు అనగా ఆకు రాలుట. ఈ రాలు ఆకులతో పాటు ఆ నదిలో నొక వేట సాగును. అదియే స్మాల్‌మౌత్ బాస్ అను చేపకొఱకు గాలము వేయుట.

ఈ పేరునకు చిన్ననోటి బాసు అని యర్థము. దీని దాయాదియైన పెద్దనోటి బాసునకు పైదవడ కంటిని దాటి వెనుకకు పోవును, దీనికి పోదు. అంతియే భేదము. నిజమునకు దీని నోరును చిన్నది కాదు. ఒడలు కంచువన్నె, ప్రక్కలను నిలువుగా నల్లని చారలు, కన్ను ఎఱ్ఱన. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడైన లాసెపేడు 1802లో దీనికి శాస్త్రనామము పెట్టెను. సామాన్యముగా దొరకునవి 12 మొదలు 16 అంగుళములవి. 20 అంగుళముల చేప పడినయెడల దానిని గూర్చి ఇంటిల్లిపాదియు ఏండ్లతరబడి చెప్పుకొందురు. చల్లని నీటిలో మెల్లగా పెరుగునది గనుక అడుగు పొడవు కావలెనన్నను మూడు నాలుగు సంవత్సరములు పట్టును.

విచిత్రమేమనగా, సస్క్విహానా దీనికి పుట్టినిల్లు కాదు, మెట్టినిల్లు. దీని పుట్టుక మహాసరస్సులు, ఒహాయో, మిసిసిపీ ఎగువభాగము మున్నగు కొండల కవ్వలి నీళ్లలో. 1854లో వీలింగ్ ప్రాంతపు ఏటిలో పట్టిన కొన్ని చేపలను, రైలింజనునకు నీరు మోయు తొట్టిలో నుంచి, కొండలు దాటించి, పొటోమాక్ నదీతీరమున కంబర్లాండు వద్ద కాలువలో విడిచిరి. అవి అచ్చట వంశాభివృద్ధి నొందినవి. వానినుండి కొన్నిటిని 1869 ప్రాంతమున సస్క్విహానాకు తెచ్చిరి. ఇట్లు ఆవిరియంత్రముపై నెక్కి వచ్చిన కోడలు ఈ యింట స్థిరపడి, నేడు తానే యింటిదాన ననిపించుకొనుచున్నది.

దీని సంసారపు తీరు స్త్రీలమగు మనకు వినదగినది. వసంతమున నీరు కొంచెము వేడియెక్కి 60 డిగ్రీల ఫారెన్‌హీటు ప్రాంతమునకు రాగానే, మగచేప తన తోకతో గులకరాళ్లను ఊడ్చి గుండ్రని గూడు చేయును. ఆడచేప వచ్చి గ్రుడ్లు పెట్టి తన దారిని తాను పోవును. పిమ్మట గ్రుడ్లను కాచుట, వానిమీద మన్ను పేరుకొనకుండ రెక్కలతో విసరుట, పిల్లలు పుట్టినపిదప కొన్నాళ్లు కావలియుండుట, సర్వమును తండ్రి పనియే. ఈ సంగతి చెప్పగా విని మా అమ్మాయి తన భర్తవంక చూచి నవ్వెను. ఆయన నది వంక చూచెను.

ఇక శరత్తునందే ఈ వేట యేల? వేసవిలో నీరు వెచ్చనై, చేపలు వేకువను సందెవేళను మాత్రమే మేతకు వచ్చును. శరత్తున నీరు 60 డిగ్రీలకు దిగి 50 వైపు పోవుచుండగా, రాబోవు చలిదినములలో తిండి తక్కువ యని యెఱిగినట్లు, చేప విరివిగా మేయును. మనము వానకాలమునకు ముందు వడియములు, ఊరగాయలు పెట్టుకొనుట వంటిదే యది. చిన్నచేపలును, క్రేఫిష్ అను జీవియు దానికి ముఖ్యాహారము. క్రేఫిష్ చూచుటకు రొయ్యవలె నుండి పీతవలె డెక్కలు గలిగి రాళ్లక్రింద దాగియుండును. నీరు ఇంకను చల్లబడగా బాసు చేపలు పరుగునీటిని విడిచి, వడి లేని లోతు మడుగులకు చేరి, శీతకాలమంతయు అచ్చటనే మెల్లగా కాలము గడపును. కొన్ని ఇందుకై మైళ్లకొలది ప్రయాణము చేయునట. కావున ఈ రెండు మాసములలో చేప యెక్కడ నుండునో కనుగొనుటయే వేటగాని నేర్పు.

మమ్ము నదిమీదికి తీసికొనిపోయినది మా అమ్మాయి యింటి కెదురింట నుండు ఒక వృద్ధురాలు. ఆమె పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసికొనినది. భర్త గతించినపిదప ఆయన పడవను అమ్మక తానే నడుపుచున్నది. ఒక శనివారము పదునొకండు గంటలకు బయలుదేరుదమనెను. చేపలవేట అనిన తెల్లవారుజామున గదా యని మేమడుగగా, చలికాలము దగ్గరపడినపుడు ఎండ కొంత నీటిని తాకినగాని చేప కదలదని చెప్పెను. మేము పులిహోరయు పెరుగన్నమును మూటగట్టుకొని, ఎనిమిదేండ్ల మనుమరాలితో సహా ఫోర్టు హంటరు వద్ద రేవునకు చేరితిమి.

పడవ అల్యూమినియముతో చేసినది. అడుగు చదరముగా నుండెను. బండలమీద మామూలు యంత్రపు రెక్కలు తగిలి విరిగిపోవునని, ఆ నదిలో చాలమంది నీటిని పీల్చి వెనుకకు చిమ్మి పడవను త్రోయు యంత్రములను వాడుదురు. ఆమె మొదట చేసిన పని మా యందఱకు తేలుడు చొక్కాలు తొడిగించుట. నవంబరు 1 మొదలు ఏప్రిల్ 30 వఱకు 16 అడుగులకు తక్కువైన పడవలలో నెక్కువారు వానిని తొడుగుకొని తీరవలెనని ఆ రాష్ట్రపు చట్టము. ఆనాటికి నవంబరు రాలేదు. అయినను, "నీటికి పంచాంగము తెలియదు" అని ఆమె నవ్వుచు పట్టీలు బిగించెను. చల్లని నీటిలో పడిన మనిషికి కొద్ది నిమిషములలోనే చేతులు కొంకర్లుపోవుననియు, ఈత వచ్చినవారికిని అది మేలు చేయదనియు చెప్పెను. గాలము వేయుటకు 16 సంవత్సరములు నిండినవారు ప్రభుత్వపు అనుమతిపత్రము కొనవలెను. మా అల్లునికి అది కలదు; మాకు లేదు గనుక మేము చూచువారము మాత్రమే.

గాలపుకఱ్ఱ ఆరు ఏడు అడుగుల సన్నని కఱ్ఱ. దాని మొదట చిన్న రీలు; ఆ రీలునిండ వెండ్రుకవంటి దారము. కొనను సీసపు గుండు గల గాలము, దానికి మెత్తని రబ్బరుతో క్రేఫిష్ ఆకారమున చేసిన ఎర. గాలపు ముల్లును పట్టకారుతో నొక్కి ఆమె ముందే చదును చేసియుంచెను. ముల్లు లేనిచో చేప నోరు చినుగదు, సులభముగా ఊడివచ్చును. బండ వెనుక నీరు సుడి తిరుగుచోట ఎరను వైచి, అడుగున రాళ్లమీద మెల్లమెల్లగా ప్రాకించవలెను. నీరెంత చల్లనిదో ఎర అంత మెల్లగా పోవలెను. తొందరపడువానికి గాలమునకు రాలిన ఆకులే తగులును. మా అల్లునికి మొదటి గంటలో తగిలినవి పదునాఱు ఆకులని మనుమరాలు లెక్కపెట్టెను.

పిదప ఒకసారి దారము ఒక ప్రక్కకు జరిగెను. కఱ్ఱ విల్లువలె వంగెను. చేప నీటిపైకి రెండుసార్లు ఎగిరి, తల విదిలించి, పడవక్రిందికి దూసికొనిపోయెను. మా అల్లుడు దారము నొకసారి విడుచుచు, నొకసారి చుట్టుచు, అయిదు నిమిషములకు దానిని ప్రక్కకు తెచ్చెను. వృద్ధురాలు చిన్న వలతో నెత్తి, కొలబద్దపై నుంచి చూడగా 17 అంగుళములు. దీనికి ఏడెనిమిది సంవత్సరము లుండునని ఆమె అనెను. "అమ్మమ్మా, ఇది నా యీడుది!" అని మా మనుమరాలు కేకవైచెను.

అంతట ఆమె చేతులు నీట తడుపుకొని, చేప క్రింది పెదవిని బొటనవ్రేలితో పట్టి, పొట్టక్రింద రెండవ చేయి వైచి, గాలము తీసివేసి, ప్రవాహమున కెదురుగా నీటిలో నుంచెను. పొడిచేతులతో పట్టినచో ఒంటిమీది జిగురు పొర ఊడి, చేపకు జబ్బు చేయునట. మొప్పలు నాలుగైదుసార్లు ఆడినవి. తోక ఝాడించి ఆ చేప బండల నడుమ మాయమయ్యెను.

గోదావరి జిల్లాల వారము. చేప రుచి యెఱుగనివారము కాము. ఇంత శ్రమపడి పట్టిన చేపను నీటిలో విడుచుట చూచి మావారికి ఊరకుండుట కాలేదు. "తినుటకు పట్టిన నాకు అర్థమగును. ఆకలికి ప్రాణి ప్రాణిని తినుట లోకసహజము. తినకయే దాని నోట ఇనుము గ్రుచ్చి ఆటలాడుట యేమి న్యాయము?" అని మా అల్లునితో అనిరి. "మామయ్యగారూ, ఆ మాట ఆమెనే అడుగుదము" అని ఆయన ఆ ప్రశ్నను ఇంగ్లీషున ఆమెకు చెప్పెను. ఆమె కోపపడలేదు. కొంతసేపు యంత్రము నాపి ఈ కథ చెప్పెను.

2005వ సంవత్సరపు వేసవిలో ఈ నదిలో వ్రేలెడు బాసు పిల్లలు ఒంటిపై తెల్లని పుండ్లతో చచ్చి తేలినవి. తరువాతి యేండ్లలోను అట్లే జరిగెను. పిల్లలు నిలువనందున కొన్నేండ్లలో పెద్దచేపలును తగ్గిపోయినవి. శాస్త్రజ్ఞులు పరీక్షింపగా కొన్ని మగచేపల బీజకోశములలో గ్రుడ్లవంటి కణములు కనబడినవి. 2014లో పట్టుబడిన ఒక చేప దవడపై నున్న కంతి పుట్టకురుపని 2015లో తేలెను. దోషమేమియని వెదకగా ఒక్క కారణము చిక్కలేదు. సూక్ష్మజీవుల వ్యాధులు, పరాన్నజీవులు, పొలములలో చల్లు కలుపుమందులు, శరీరపు గ్రంథుల పనిని తారుమారు చేయు రసాయనములు ఇవి యన్నియు కలిసి చిన్న ప్రాణమును క్రుంగదీసినవని 2015లో నిపుణులు తేల్చిరి. అంతకుముందే, 2012లో రాష్ట్రపు చేపల శాఖవారు సుమారు 100 మైళ్ల పొడవున, ఈ నదిలో పట్టిన బాసును వెంటనే నీటిలో విడువవలెనని నియమము చేసిరి. క్రమముగా చేపలు మరల పెరిగినవి.

"ఆ యేండ్లలో ఈ నది జబ్బుపడినదని అరచినవా రెవరు? ఒడ్డున కార్లలో పోవువారు కాదు. ప్రతివారము దానిలో నిలబడి చేపను చేతబట్టి చూచువారే. చేతితో తాకనిదానికొఱకు మనిషి పోరాడడు. చేపకు బాధ లేదని నేననను. అందుకే ముల్లు తీసివేసితిని, వేసవి యెండలో వేటాడను, గ్రుడ్లు కాచు తండ్రిచేపను గూటిమీదనుండి పట్టను" అని ఆమె చెప్పెను.

మావారు తల యూపిరి గాని పూర్తిగా ఒప్పుకొనలేదు. మాకును ఆమె మాటలో సగము మాత్రమే రుచించినది. వేడుక వేడుకయే, బాధ బాధయే. అయినను ఆ వేడుక గలవారే కావలివారైరను మాట కాదనరానిది.

చేపను ఇంటికి తెచ్చి వండుకొనదలచువారికిని ఆ రాష్ట్రమున ఒక హెచ్చరిక కలదు. నదులలో తాము పట్టిన చేపను వారమునకు ఒక పూటకు మించి తినవలదని ప్రభుత్వమువారి సలహా. పాదరసము మొదలగునవి చేప మాంసమున చేరియుండుటయే కారణము. గర్భిణులును, చంటిపిల్లల తల్లులును, పసివారును మఱింత జాగరూకత వహింపవలెను. నది జబ్బు నదిలోనే యుండిపోదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి? అది వంటింటి పళ్లెమువఱకు నడచివచ్చును. అట్లే వంటింటినుండియు నదికి నడచిపోవును. మిగిలిపోయిన మందుబిళ్లలను, మందునీళ్లను తూములో పారబోయుట అచ్చటను ఇచ్చటను మనకు అలవాటు. మురుగునీటిని శుద్ధిచేయు యంత్రములు వానిని పూర్తిగా తీసివేయలేవు. ఇది ఇల్లాండ్రు తలచినచో ఈ పూటనే మాన్పగల పని. వేడినీళ్ల కాపడమువలె దీనికి వైద్యుడు అక్కఱలేదు.

ఇక మఱియొక సంగతి మమ్ము మిక్కిలి కలచినది. బాసు రాకముందు ఈ నదికి మహారాజు షాడ్ అను చేప. అది మన పులసకు దాయాది. సముద్రమున పెరిగి, గ్రుడ్లు పెట్టుటకై వసంతమున నది కెదురీది, పూర్వము వందలమైళ్లు ఎగువకు పోయెడిది. 1904 మొదలు 1931 వఱకు ఈ నది దిగువభాగమున విద్యుత్తుకొఱకు నాలుగు ఆనకట్టలు కట్టిరి. చేపలను ఎత్తి అవతల దింపుటకు తరువాత యంత్రములు పెట్టినను, పూర్వపు మందలు మరల రాలేదు. మన గోదావరిలో 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట సిద్ధమైనది. దానివలన లక్షలాది యెకరములు పండి మనమందఱము అన్నము తినుచున్నాము. ఆ మేలు మఱచుట కృతఘ్నత. అయినను ఎఱ్ఱనీటి కెదురీదివచ్చు పులసకు అచ్చట దారి చాలవఱకు మూసికొనిపోయినది. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మనవారు సామెత చెప్పుదురు. నేడు శ్రావణ భాద్రపదములలో ఒక్క పులస వేలకొలది రూపాయలు పలుకుచుండ, ఆ సామెత నిజమగు కాలము వచ్చినదని నవ్వుకొందుము. వెల యేల పెరిగెనని మాత్రము ఆలోచింపము. వచ్చు చేప తగ్గినందున వెల పెరిగినది. సస్క్విహానాలో బాసునకు మాట్లాడువా రుండిరి. పులసకొఱకు, పులుసు కుండ దించినపిదప, మాట్లాడువారెవరు?

ఆనాడు మొత్తము మూడు చేపలు పడినవి. మూడవదానిని విడుచునపుడు మా మనుమరాలు తానే విడుతునని అడిగెను. చేతులు తడుపుకొని, చెప్పిన చొప్పున పట్టుకొని, నీట నుంచి, అది తనంత తాను పోవువఱకు కదలక కూర్చుండెను. ఇంటికి వచ్చినపిదప, తనకును గాలపుకఱ్ఱ కొనిపెట్టుమని తండ్రిని వేధింప మొదలుపెట్టెను. మా అమ్మాయి మమ్ము సలహా యడిగెను. మావారును మేమును ఆ రాత్రి చాలసేపు మాటలాడుకొంటిమి. చివరకు మేము చెప్పినది ఇది: "కొనిపెట్టుము. అయితే ముల్లు నొక్కు పట్టకారును కూడ కొనిపెట్టుము. ఏడాదికొకసారి నది యొడ్డున చెత్త యేరు పనికి ఆ వృద్ధురాలితో పంపుము. నదిని ప్రేమించుటకు దారి పిల్లకు చేపనుండియే దొరికినయెడల ఆ దారి మనము మూయరాదు."

శరత్తు ముగిసి, కొండలు బోడివై, నీటియంచున తొలిమంచు కట్టునాటికి మేము తిరిగి వచ్చితిమి. మన సోదరీమణులలో ఎందఱికో నేడు ఆ దేశమున బిడ్డలుండిరి. వారిని చూడబోయినప్పుడు అంగళ్లును జలపాతములును చూచుటతో పాటు, ఆ యూరి నదిని గూడ ఒకసారి చూడుడు. దాని కథ తెలిసినవారినొకరిని అడుగుడు. తిరిగివచ్చి, మన యూరి యేటికడకు పోయి, అవే ప్రశ్నలను ఇచ్చటను అడుగుడు.